నా వీపుతో విన్నవాడు

మా నెంబర్ టూ పోయాడు.

పదకొండు రోజుల కిందట పొద్దున్న కోడలు వడ్డించిన అల్లం పచ్చడి నాలిక్కి రాసుకుని, ఫైరింజన్ని పిలవమంటావా అమ్మా అని ఆమెని ఏడిపిస్తున్నాను. అంతలో ఫోను మోగింది. యారాడ నుంచి వాళ్ళబ్బాయి.

"మావా, నాన్న ఎలిపోనాడు. రేత్రి పడుకున్నోడు పొద్దున్న నెగనేదు," అన్నాడు.

నేను ఏదో ఒకటి అనాలి కదా. దువ్వాడలో మా వీధి మొత్తానికి వాగుడుకాయని నేనే. కూరగాయల బండివాణ్ణి, పోస్టుమాన్ని, గుడికి పోయే ముసలమ్మల్ని, ఎవర్నీ ఊరికే పోనివ్వను. ఆ పూట మాత్రం ఊఁ అని ఫోను పెట్టేశాను. కోడలు పచ్చడి గిన్నె లోపలికి తీసుకుపోయింది.

నెంబర్ టూ అంటే ఎవరు తాతా, నీ రెండో పెళ్ళామా అని మనవరాలు అడిగింది ఒకసారి. మా ఆవిడకి ఇన్నేళ్ళుగా ఉన్న అనుమానం కూడా ఇంచుమించు అదే. ఆదివారం వస్తే చాలు, చొక్కా వేసుకుని యారాడ కొండ ఎక్కి దిగేవాణ్ణి మరి. మీకు కూడా అలాంటి అనుమానం రాకముందే చెప్పేస్తాను. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను, అందులో ఏడు రెండుసార్లు చదివాను. అందుకని వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి.

డెబ్బైల చివర్లో ఇక్కడ పట్నంలో ఎటు చూసినా తవ్వకాలే. ఒకవైపు పోర్టు పెరుగుతోంది, ఇంకోవైపు ఉక్కు ఫ్యాక్టరీకి నేల చదును చేస్తున్నారు. గోడౌన్లు, ఆయిలు ట్యాంకులు, సినిమా హాళ్ళు పుట్టుకొస్తున్నాయి. ఇన్ని కట్టాక ఏదో ఒకటి అంటుకోకపోదని గవర్నమెంటుకి తోచినట్టుంది, ఫైర్‌మెన్లు కావాలని పిలిచారు. నేను ఆనందపురం దగ్గర పల్లెలో రైతు కొడుకుని. పొలం పని తప్పించుకోవడానికి మంటల్లోకి దూకడమే సుఖమనిపించి వచ్చాను. ఇసుక మూట భుజాన వేసుకుని పరిగెత్తమన్నారు, తాడెక్కమన్నారు, ఛాతీ కొలిచారు. నన్ను తీసుకున్నారు.

ట్రైనింగులో మొదటిరోజే మా పేర్లు పోయాయి. డ్రిల్లు మాస్టారు మమ్మల్ని వరసలో నిలబెట్టి, ఎక్కడ నిలబడ్డవాడికి ఆ నెంబరే పేరు అన్నాడు. ఎక్కడికెళ్ళినా ముందుకి తోసుకుపోయే రకాన్ని కనక నేను నెంబర్ వన్. నా వెనకాల ఒక పొడుగాటి మనిషి, ఎండకి కమిలిన మొహం, పెద్ద చేతులు. వాడు నెంబర్ టూ. ఈ నెంబర్లకి పని ఉంది. నెంబర్ వన్ హోసు చివర ఇత్తడి గొట్టం పట్టుకుంటాడు, దాన్ని బ్రాంచి అంటాం. నీళ్ళు వచ్చేటప్పుడు అది దున్నపోతులా వెనక్కి తంతుంది. నెంబర్ టూ వెనక హోసు పట్టుకుని, తన భుజం నెంబర్ వన్ వీపుకి ఆనించి గట్టిగా నిలబడాలి. వాడు లేకపోతే వీడు వెల్లకిలా పడి ఆకాశానికి స్నానం చేయిస్తాడు.

వాడిది యారాడ, సేపలోళ్ళ ఇల్లు. కానీ వాడు పడవెక్కలేదు, చిన్నప్పుడే పోర్టులో కూలికి చేరాడు. రిపేరుకి వచ్చిన ఓడ పొట్టలోకి దిగి, తుప్పు పట్టిన ఇనపరేకుని సుత్తితో పొద్దస్తమానం కొట్టి రాల్చే పని. చిప్పింగ్ అంటారు. ఇనప డబ్బాలో కూర్చుని చుట్టూ పాతికమంది సుత్తులు కొడుతుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. దాన్నుంచి బయటపడ్డానికి వాడు ఈ ఉద్యోగానికి వచ్చాడు.

మా డ్రిల్లు ఆర్డర్లన్నీ ఇంగ్లీషులో ఉండేవి. నాకాఫ్ అంటే నీళ్ళు ఆపమని. మేకప్ అంటే హోసులు చుట్టి సామాను సర్దమని. మాస్టారు పొద్దున్నే తెలుగులో వివరంగా చెప్పాడు. అయినా నా నోరు ఊరుకోదు కదా. టిఫిన్ దగ్గర నెంబర్ టూతో అన్నాను, నాకాఫ్ అంటే కాఫీ బావా, మేకప్పంటే మొహానికి పౌడరు, పెద్దాఫీసరు వత్తన్నాడంట అని. నవ్వుతాడనుకున్నాను. వాడు తల ఊపి లేచిపోయాడు. డ్రిల్లు అయ్యాక మాస్టారు మేకప్ అని అరిచాడు. మేమందరం హోసుల మీద పడ్డాం. వాడు మాత్రం గదిలోకి పరిగెత్తి, కాసేపటికి మొహం నిండా తెల్లటి పౌడరుతో తిరిగొచ్చి వరసలో నిలబడ్డాడు.

మాస్టారు దగ్గరికొచ్చి చూశాడు. "ఏటిరా ఇది?"

"మేకప్పండి."

మాస్టారు మీసం వణికింది. వాడు ఇంకా వినయంగా, "కాపీ ఇంకా ఇయ్యనేదండి," అన్నాడు.

వాడికి ఇలాంటివి నేర్పేవాడు ఆ గుంపులో ఒక్కడే ఉంటాడని మాస్టారుకి ఆ ఒక్క పూటలో తెలిసిపోయింది. హోసు చుట్ట భుజాన పెట్టి నా చేత గ్రౌండంతా పరిగెత్తించాడు. పరిగెడుతూ నా తెలివికి నేనే మురిసిపోయాను. పొద్దున్న అంత వివరంగా చెప్పింది వీడు ఎందుకు వినలేదన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

తర్వాత తర్వాత ఒక సంగతి కనిపెట్టాను. వాడికి కుడిపక్క కూర్చుని వెక్కిరిస్తే పడీ పడీ నవ్వేవాడు. ఎడమపక్క కూర్చుని అదే మాట అంటే రాయిలా ఉండేవాడు. వెక్కిరింపు దండగైతే నాకు నిద్ర పట్టదు. మెస్సులో ఒకరోజు ఎడమపక్క కూర్చుని, బావా నీ కంచంలో చేపముక్క నేను తీసుకుంటున్నాను అని మామూలుగానే చెప్పి, తీసి తినేశాను. వాడు అన్నం కలుపుకుని వెతుక్కున్నాడు.

"నా సేపముక్క ఏదిరా?"

"అడిగే తీసుకున్నాను కదా బావా."

వాడు చెయ్యి ఆపేశాడు. చెయ్యి కడుక్కుని నన్ను ఫైరింజన్ షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. చిప్పింగులో ఎడమ చెవి ఎప్పుడో పోయిందట. మెడికల్‌లో డాక్టరు పెదాలు చూసి జవాబులు చెప్పి గట్టెక్కాడట. ఈ సంగతి బయటపడితే ఇంటికి పంపించేస్తారు. ఇంటికి పంపిస్తే వాడికి తెలిసిన పని చిప్పింగ్ ఒక్కటే. ఇంకొన్నాళ్ళు ఆ ఓడల్లో కూర్చుంటే కుడిచెవి కూడా పోతుందని పోర్టు ఆసుపత్రిలో ముందే చెప్పారట.

"ఎవులికీ సెప్పకు బావా," అన్నాడు. "ఈ కుడిదొక్కటీ మిగిల్చుకోవాల. మాయమ్మ పిలుత్తే పలకాల గదా."

నన్ను నమ్మి రహస్యం చెప్పిన మొదటి మనిషి వాడే. మా ఇంట్లోవాళ్ళు నా దగ్గర బెల్లం ధర కూడా చెప్పేవాళ్ళు కాదు.

ఆ రోజు నుంచి వాడు నా వీపుతో వినడం మొదలుపెట్టాడు. బ్రాంచి చేతిలో ఉన్నప్పుడు వెనక్కి తిరిగి మాట్లాడ్డం కుదరదు, నీళ్ళ హోరులో అరిచినా దండగే. అందుకని మాస్టారు ఆర్డరు ఏదైనా నా వీపే వాడికి చెప్పేది. వీపు నిటారు చేస్తే ముందుకి. భుజాలు ఎగరేస్తే ఆపు. ఏ వైపు మోచెయ్యి నొక్కితే ఆ వైపు తిరగాలి. వాడి భుజం ఎప్పుడూ నాకు ఆనే ఉండేది కనక, మాస్టారి నోట్లో మాట పూర్తయ్యేలోపు వాడికి చేరిపోయేది. ఒకసారి వీపు మీద ఈగ వాలితే దులుపుకున్నాను, వాడు హోసు పట్టుకుని రోడ్డు వైపు తిరిగాడు. సైకిలు మీద పోతున్న పాలవాడు నిలువునా తడిసిపోయాడు. మిగతా జట్లు ఆర్డరు విని కదిలేవి, మేం ఆర్డరుతోపాటే కదిలేవాళ్ళం. ఈ ఇద్దరికీ ఒకటే ఒళ్ళురా అని మాస్టారు అన్నాడొకసారి. ఆయన నోట్లోంచి వచ్చిన మంచిమాట నాకు తెలిసి అదొక్కటే.

మంటలు ఆర్పడంతో పాటు, అంటుకోకుండా తనిఖీ చెయ్యడం కూడా మాకు నేర్పేవారు. ఒకరోజు మార్నింగ్ షోకి ముందు పాత టౌను వైపు ఒక సినిమా హాలుకి తీసుకుపోయారు. బయటికి పోయే తలుపులు ఎన్ని, ఏ వైపుకి తెరుచుకుంటాయి, ఎర్ర బకెట్లలో ఇసుక ఉందా లేదా, అన్నీ చూసి చెప్పమన్నారు. నేను బకెట్లో చెయ్యి పెట్టాను. ఇసుక ఉంది. అందులో ఊరందరి కిళ్ళీ ఉమ్మి కూడా ఉంది. అందరూ నన్ను చూసి నవ్వుతుంటే నెంబర్ టూ ఒక తలుపు దగ్గర నిలబడిపోయాడు. దానికి బయటినుంచి గొలుసు వేసి ఉంది. టికెట్టు లేనివాళ్ళు దూరుతున్నారని వేశామని మేనేజరు సర్దిచెప్పాడు. వాడు ఆయన మాట విన్నాడో లేదో, చేత్తో ఆ తలుపుని నెడుతూనే ఉన్నాడు.

బయటికొచ్చాక అడిగాను, అంతసేపు ఏటి సూసినావని. "ఓడలో మాకు ఒకటే కన్నం బావా, దిగడానికీ ఎక్కడానికీ," అన్నాడు. "పని సేత్తన్నంతసేపూ దానికేసే సూసేవోణ్ణి." ఆ మాటతో తలుపుల పాఠం నాకు బాగా బుర్రకెక్కింది. ఉద్యోగమంతా ఏ హాలుకి తనిఖీకి వెళ్ళినా నా చెయ్యి ముందు తలుపుని నెట్టేది, నోటీసు తర్వాత రాసేవాణ్ణి.

ట్రైనింగు ఆఖరికి వస్తుందనగా పొగ గది పెట్టారు. ఒక పాత రేకుల గదిలో తడిసిన గోనెలు అంటించి తలుపు మూసేస్తారు. లోపల ఏమీ కనపడదు. ఇద్దరిద్దరుగా దూరి, ఇసుక నింపిన గోనెసంచిని మనిషి అనుకుని వెతికి బయటికి లాక్కురావాలి. కుడిచెయ్యి గోడ మీంచి తియ్యకూడదు, అది రూలు. గోడ వదిలితే దారి తప్పుతారు.

లోపలికి పోయేటప్పుడు నేను ముందు, వాడు నా బెల్టు పట్టుకుని వెనక. సంచి దొరికింది. బరువు కనక వాడు ఎత్తుకున్నాడు. వచ్చేటప్పుడు వాడు ముందు, నేను వెనక. రెండడుగులు వేశానో లేదో, నా కాలు అక్కడ పడేసిన పాత మంచం తీగల్లో ఇరుక్కుంది. గోడకి దూరంగా, వాడి ఎడమవైపుకి బోర్లా పడ్డాను. వాడి చొక్కా చేతిలోంచి జారిపోయింది. పొగ గొంతులో దిగింది.

బావా అని పిలిచాను. ఇంకోసారి పిలిచాను. వాడు నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉన్నాడు. కానీ కుడిచెయ్యి గోడకి ఉంది, అంటే వినపడే చెవి గోడ వైపు. పోయిన చెవి నా వైపు. వాడు సంచి మోసుకుంటూ వెళ్ళిపోతున్న అడుగుల చప్పుడు నాకు వినపడింది.

రేకు గోడకి అవతల, బయట నిలబడ్డ మాస్టారుకి నా కేక వినపడింది. ఆయన పక్క తలుపు తన్నేసి లోపలికొచ్చి, నా కాలు విడదీసి ఎత్తుకొచ్చాడు. నేను గడ్డిలో పడి దగ్గుతుంటే, నెంబర్ టూ సంచి దించి వెనక్కి తిరిగి నాకోసం వెతుకుతున్నాడు. నన్ను ఎటునుంచి తీసుకొచ్చారో వాడికి అర్థం కాలేదు. వాడి మొహం అప్పుడు చూడాల్సింది. వద్దులెండి, నేను చూశాను, అది చాలు.

అంత గట్టిగా పిలుస్తుంటే ఈడు ఎందుకు ఆగలేదని మాస్టారు అడిగాడు. నేను పిలవలేదండీ, పొగలో ఏమీ తోచక పాట పాడుకున్నాను అన్నాను. మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, దగ్గు తగ్గాక హోసు చుట్ట భుజాన పెట్టి మళ్ళీ గ్రౌండు చుట్టూ పంపించాడు.

గ్రౌండు ఆ చివర మలుపు తిరుగుతుంటే కనపడింది. నెంబర్ టూ మాస్టారి ముందు నిటారుగా నిలబడి ఏదో చెబుతున్నాడు. అంత దూరం నుంచి నాకు ఒక్క ముక్క వినపడలేదు. వాడు చెయ్యెత్తి తన ఎడమ చెవి మీద పెట్టుకోవడం మాత్రం కనపడింది. నేను పరుగు ఆపేశాను. మాస్టారు నన్ను తిట్టలేదు, అసలు నా వైపు చూడలేదు.

సాయంత్రం కుళాయి దగ్గర వాడు రెండు జతల బట్టలు ఉతికి పిండుకుంటున్నాడు, ఇంటికి తీసుకుపోవడానికి. నేను వాడి కుడిపక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"నువ్వు పాట పాడినావా బావా?"

"పాడినాను."

"నీకు పాట రాదు."

నేను కోపంతో ఏదేదో అన్నాను. నోరు మూసుకుని ఉంటే ఇంకొన్నాళ్ళలో ఉద్యోగం చేతికొచ్చేది, వీపు నాది, నాకు లేని నెప్పి నీకేటి అన్నాను. వాడు బట్టలు పిండుతూనే ఉన్నాడు.

"మల్లీ సిప్పింగుకెల్తే ఆ కుడిది కూడా పోద్దిరా," అన్నాను చివరికి.

"పోనీ. అక్కడ నా సెవే పోద్ది," అన్నాడు. "ఇక్కడుంటే నువ్వు పోతావు."

మర్నాడు వాడు బూట్లూ బెల్టూ అప్పజెప్పి వెళ్ళిపోయాడు. మాస్టారు ఆఫీసు చుట్టూ తిరిగి, వీడికి ఇంకేదైనా పని చూపించమని అడిగాడని తర్వాత తెలిసింది. రూలు ఒప్పుకోలేదు. వరసలో వెనకవాళ్ళందరూ ఒక్కో అడుగు ముందుకి జరిగారు. నా వెనక కొత్త నెంబర్ టూ వచ్చాడు. మంచివాడు, రెండు చెవులూ బంగారంలా పనిచేసేవి. ఆర్డరు రాగానే నాకంటే ముందే కదిలేవాడు. నా వీపుతో వాడికి పనే లేదు.

నా మొదటి నెంబర్ టూ మళ్ళీ ఓడల్లోకి దిగాడు. ఎనభైల్లో కొన్నేళ్ళకే కుడిచెవి కూడా పోయింది. వాళ్ళమ్మ పోయేటప్పుడు ఏం అడిగిందో వాడికి వినపడలేదు, పక్కవాళ్ళు చేతులతో చెప్పారు. ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు, సముద్రం వైపు చూస్తూ.

నేను ఆదివారాలు వెళ్ళేది అందుకే. నా పెదాలు చూసి మాట పట్టుకోవడం వాడు బాగా నేర్చాడు. నా సోది విసుగనిపిస్తే కళ్ళు మూసుకునేవాడు. అంతే, ఇంక నేనెంత వాగినా వాడికి చేరదు. ఇంత సుఖం నాకు లేకపోయిందే అని మా ఆవిడ ఎన్నిసార్లందో. ఒకసారి వాణ్ణి సినిమాకి తీసుకుపోయాను. ఇంటర్వెల్లో మాయమయ్యాడు. వెతుక్కుంటూ వెళ్తే, హాల్లో ఒక్కో తలుపూ నెట్టి చూస్తున్నాడు. మేనేజరు వెనక నిలబడి తిడుతున్నాడు. వాడికి వినపడదు కదా, నన్ను చూసి నవ్వుతూ ఒక తలుపు చూపించాడు. "ఇది రావటం నేదు బావా. నీ డూటీ," అన్నాడు. ఆ వారమే వెళ్ళి నోటీసు ఇచ్చాను. ఆ ఉద్యోగం వాడికి ఇవ్వలేదు గానీ, వాడు చెయ్యడం మానలేదు.

నేను ఊరందర్నీ నవ్విస్తాను. ఇంటికొచ్చి కూర్చుంటే ఎవరితో ఏం మాట్లాడాలో తెలియని రోజులు నాకూ ఉన్నాయని ఎవరికీ తెలియదు. వాడికి తెలుసు. అలాంటి రోజు వెళ్తే ఏమీ అడిగేవాడు కాదు. ఇద్దరం అలలు చూస్తూ కూర్చునేవాళ్ళం. చెవులు లేనివాడి పక్కన కూర్చుంటే మాట్లాడాల్సిన పని లేదు. నాలాంటివాడికి అది ఎంత విశ్రాంతో మీకు చెప్పినా అర్థం కాదు.

నిన్న పెద్దకార్యం. షామియానా కింద అందరూ భోజనాలకి కూర్చున్నారు. వాళ్ళబ్బాయి నన్ను ముందు వరసలో కూర్చోమన్నాడు. చెయ్యి కడుక్కొస్తానని చెప్పి ఇంటి వెనక్కి వెళ్ళాను. వాడి గది అక్కడ విడిగా ఉంటుంది. వచ్చినవాళ్ళు తలుపు కొడితే వినపడదు కనక, వాడు బయట గుమ్మానికి ఒక వలతాడు వేలాడదీశాడు. ఆ తాడు చూరు కిందుగా లోపలికి పోయి, మంచానికి ఎదురుగా వల తేలడానికి కట్టే ఒక బెండు దగ్గర ముగుస్తుంది. బయట మనం తాడు లాగితే లోపల వాడి కళ్ళముందు ఆ ఎర్ర బెండు ఎగురుతుంది. అప్పుడు వాడు లేచొచ్చేవాడు.

తలుపు తీసే ఉంది. అయినా నా చెయ్యి తాడు లాగింది. లోపల, మడత పెట్టిన మంచం ముందు, బెండు ఒక్కసారి పైకెగిరి ఊగడం మొదలుపెట్టింది. అది ఆగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.